బండారి మీద ఒట్టు

22 జనవరి 1967, ఆదివారం

హుకుం! దేవిదాస్ హోటలు రాజ్యంలోని సమస్త బెంచీలకు, గ్లాసులకు, ఈగలకు, ఈగలతో పాటు వాలే మనుషులకు తెలియవలసిన సంగతి. ఇకమీదట ఒక్క చాయ్ తాగి మూడు పార్టీలను తిట్టేవాడు నిలబడి తిట్టాలి. కూర్చుని తిట్టాలంటే రెండో చాయ్ చెప్పాలి. సాసరులో పోసుకుని జుర్రుమని చప్పుడు చేసే హక్కు పళ్ళూడినవారికి మాత్రమే. ఉల్లిగడ్డ భజ్జీలో ఉల్లిగడ్డ ఏదని అడగడం రాజద్రోహం. ధిక్కరించినవాడు కాలు విరిగిన బెంచీ మీదనే కూర్చోవలెను.

రాజుగారి ముద్ర కింద చాయ్ మరక పడింది. అదే ముద్ర అనుకుందాం.

ఈ డైరీ ఆత్మారాం పటేలుకని ఎరువుల కంపెనీవాడు తెచ్చినది. బెంచీ మీద మరిచిపోయాడు. బెంచీ నాది, కనుక డైరీ నాది. ఉర్దూ బడిలో నాలుగో జమాత్ చదివి, తెలుగు సినిమా వాల్‌పోస్టర్ల మీద నేర్చుకున్నవాణ్ణి నేను. రాత కోడి కెలికినట్టే ఉంటుంది. ఇంకెవడు చదవాలి? అంజవ్వ అక్కకు చదువు రాదు. పెళ్ళాం పోయి ఎనిమిదేళ్ళయింది.

ఎన్నికలు దగ్గర పడ్డాయి. చెరుకు బండ్లవాళ్ళు తూకం కాంటా దగ్గర బండ్లు వరుసలో పెట్టి, ఎడ్లను ఇప్పి, నా హోటలులో దేశాన్ని పాలిస్తున్నారు. పోయిన ఎన్నికలప్పుడు వేలికి పెట్టే సిరా చక్కెర ఫ్యాక్టరీ మడ్డితో చేసిందని, నాకితే తియ్యగా ఉంటుందని నేనే చెప్పాను. సగం ఊరు నల్ల నాలుకతో తిరిగింది. ఇప్పుడు వాళ్ళే వచ్చి, "ఈసారి ఏం జెప్తవ్ దేవిదాసూ?" అంటున్నారు.

ఏమీ చెప్పను. చెప్పడానికి ఏముంది? మా ఊళ్ళో ఓటు మనిషికి ఉండదు, వాడకుంటుంది. వాడ పెద్ద ఎటంటే వాడ అటు. వాడ పెద్దలందరూ పటేలు ఎటంటే అటు. ఓట్లు లెక్కపెట్టేవాళ్ళు మా డబ్బా తెరిచి కాగితాలన్నీ ఒకే గుర్తు మీద చూసి, ఇవి అచ్చులో వేసినవా అని అడిగారట.

25 జనవరి

ఈసారి రెండు గుర్తులు. గుర్రం, తరాజు. గుర్రం పటేలు వియ్యంకుడిది. నిజామాబాదు కంఠేశ్వర్‌లో రెండంతస్తుల ఇల్లు, కారు. తరాజు రెంజల్ వైపు బడిపంతులు ఒకాయనది. సైకిలు ఉంది, దానికి బెల్లు లేదు.

ఎవరెటు అన్నది కనుక్కోవడానికి జాతకం అక్కర లేదు. కాలువ వెంట నడిస్తే చాలు. కాలువ తల మీద పటేలు చెరుకు, ఆయన చుట్టాల చెరుకు. నీళ్ళు వదిలే నీరడి అక్కడే తూము పక్కన తుండుగుడ్డ పరుచుకుని పడుకుంటాడు, పటేలు లేవమంటే లేస్తాడు. తల మీదివాళ్ళు గుర్రం. తోక మీద మడులున్నవాళ్ళకు నీళ్ళు వస్తాయని కబురు వస్తుంది, నీళ్ళు రావు. తోక మీదివాళ్ళ మనసు తరాజు. మనసు మాత్రమే.

అక్క మడి తోక మీద, ఆఖరుది. యాసంగి వరి నాటు వేసింది. పొద్దున బీడీ ఆకు కత్తిరిస్తూ చెప్పింది.

"తమ్మీ, గీ పారి తరాజుకే ఏస్త. పంతులు మొన్న మన మడికాడికొచ్చి చెప్పులిడిసి బురదల దిగిండు."

"బురద యాడుందక్కా, నీళ్ళే లేకపాయె?"

"గదే, దుమ్ములనే దిగిండు. దిగిండు గద!"

29 జనవరి, ఆదివారం

పటేలు చావిడి దగ్గర అన్ని వాడలనూ కూర్చోబెట్టాడు. పంతులు గురించి తోక మీద గుసగుసలు ఆయన చెవిన పడ్డాయి. కొట్టలేదు, తిట్టలేదు. లింబయ్యను పిలిపించాడు.

లింబయ్య మల్లన్న పూజారి. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆయనే పసుపు కుంకుమల ముగ్గుతో పట్నం వేస్తాడు, ఒగ్గు కథ చెబుతాడు. భుజాన బండారి సంచి. జాతర నుంచి తెచ్చిన పసుపు అది. పసుపు మేమే వేస్తాం, మేమే తవ్వుతాం, మేమే ఉడకబెట్టి ఎండబెడతాం. ఇప్పుడు కూడా ఊరంతా పసుపు ఉడికిన వాసనే. కానీ అదే పసుపు మల్లన్న దగ్గరికి పోయి తిరిగొస్తే బండారి అవుతుంది. దాని మీద ఒట్టు తప్పినవాడి ఇంట్లో పాలు విరుగుతాయి, దూడ చస్తుంది, ఆ తర్వాత మనుషుల వంతు.

లింబయ్య గొంగడి పరిచాడు. ఇత్తడి పళ్ళెంలో బండారి పోశాడు. ఇంటికొకరు వచ్చి చిటికెడు తీసి నుదుట పెట్టుకుని, నాలుక మీద వేసుకుని, "మల్లన్న తోడు, గుర్రానికే" అనాలి. ఇంటి పెద్ద ఒట్టు ఇంటందరికీ ఒట్టు. ఒక్కొక్కరే అన్నారు. పొద్దు వాలేదాకా అన్నారు.

నా వంతు వచ్చేసరికి తుమ్మాను. అపశకునం. ఆగి మళ్ళీ రమ్మన్నారు. మళ్ళీ తుమ్మాను. ముక్కులో నశ్యం పెట్టుకుని పోయాను మరి! మూడోసారికి పళ్ళెంలో బండారి లేచి పటేలు ధోవతి మీద పడింది.

"గీ దరిద్రున్ని ఇడిసిపెట్టుండ్రి. వీని ఒక్క ఓటుకు గుర్రం కుంటిది గాదు" అన్నాడు పటేలు.

అందరూ నవ్వారు. తర్వాత తన ఇంటి తరఫున అక్క లేచింది. అక్క కూడా అన్నది.

30 జనవరి

అక్క అన్నం తినలేదు.

2 ఫిబ్రవరి

అక్క నాటు పచ్చబడింది. పచ్చగా కాదు, పసుపుపచ్చగా. మడిలో నెర్రెలు, అరచేయి దూరేంత.

"ఓటు చీకట్ల పడుతది అక్కా. డబ్బాల ఏసింది నువ్వా నేనా ఎవడు సూస్తడు?" అన్నాను.

"నువ్వు సూడవు. పటేలు సూడడు. బండారి నా కడుపుల ఉన్నది. గది సూడదా?"

"కూరల పసుపు లేదా నీ కడుపుల? గదెందుకు సూడదు?"

"కూరల పసుపు మీద ఎవరన్న ఒట్టు వెడుతరా, పిచ్చోడా!"

ఆ మాటే చెవిలో దోమలా తిరుగుతోంది. చాయ్‌లో పాలు రెండుసార్లు పోశాను. ఎడ్లబండివాడు, "పాయసం చేస్తున్నవా?" అని అడిగాడు.

5 ఫిబ్రవరి, ఆదివారం

ఇది ఆ రోజే రాయవలసింది. ధైర్యం చాలక రాయలేదు.

29న పొద్దున, చావిడికి పోయే ముందు, లింబయ్య నా హోటలుకు వచ్చాడు. చలిగా ఉంది, పొయ్యి పక్క బెంచీ మీద కూర్చున్నాడు. చాయ్ తాగాడు. సంచి పక్కన పెట్టి, కాళ్ళూ చేతులూ కడుక్కుంటానని వెనక తొట్టి దగ్గరికి పోయాడు. సంచి మూతి తాడు వదులుగా ఉంది. నా చేతికి దురద పుట్టింది. పసుపు డబ్బా పొయ్యి మీది అరలోనే ఉంది, కూరలోకి అక్క దంచి ఇచ్చింది. సంచిలోది పళ్ళెంలో గుమ్మరించాను, డబ్బాలోది సంచిలో పోశాను. రెండు మూరల దూరంలో ఆయన పుక్కిలిస్తున్నాడు. తాడు ఎలా ఉందో అలాగే ముడేశాను. అసలు బండారి ఏం చేయాలో తోచక భజ్జీల పిండిలో కలిపేశాను. ఆ రోజు భజ్జీలు బాగా అమ్ముడుపోయాయి.

ఈ మాటే ఇవాళ హోటలులో, చెరుకు బండ్లవాళ్ళు, తోక మడులవాళ్ళు నిండుగా ఉన్నప్పుడు చెప్పాను.

అక్క మడి పక్కనే మడి ఉన్న హన్మాండ్లు లేచాడు. "అంటే మేం ఒట్టు వెట్టుకున్నది?"

"మా అక్క దంచిన పసుపు మీద."

"మల్లన్న బండారి?"

"నీ కడుపులనే ఉన్నడు మల్లన్న. మూడు భజ్జీలు తిన్నవ్ గా దినం. పుణ్యం దక్కింది, ఒట్టు దక్కలే."

కొట్టడానికి వచ్చాడు. సగం దూరం వచ్చి ఆగాడు. అతని మొహంలో ఏదో మెల్లగా విప్పుకుంది, తడి బట్ట ఎండలో వేసినట్టు. "నీ పాడుగాను" అన్నాడు. ఇంకో చాయ్ చెప్పాడు.

ఎవడూ అనుమానించలేదు. నేను పుణ్యం చేశానంటే సాక్షులు కావాలి. వెధవ పని చేశానంటే నా మొహమే సాక్ష్యం.

6 ఫిబ్రవరి

అక్క వచ్చి చెంప మీద ఒకటి ఇచ్చింది. నలభై ఆరేళ్ళవాణ్ణి, హోటలు నిండా మనుషులు. "దేవుని సంచిల చెయ్యి వెడుతవా!" అని. తర్వాత కూర్చుని, పెట్టిందంతా తిన్నది.

7 ఫిబ్రవరి

పటేలు పిలిపించాడు. పోయేసరికి లింబయ్య అక్కడే నిలబడి ఉన్నాడు, సంచి భుజాన. నన్ను చూడలేదు.

పటేలు నాతో మాట్లాడలేదు. "లింబయ్యా, గా దినం పొద్దుగాల నువ్వు వీని హోటల్‌కు పోయినవా?"

లింబయ్య గడ్డం గోక్కున్నాడు. చాలాసేపు గోక్కున్నాడు. నా వీపు మీద చెమట కారుతోంది, ఫిబ్రవరి నెలలో.

"పోయిన పటేలా. చాయ్ తాగిన."

"సంచి?"

"బెంచి మీద వెట్టిన. తొట్టికాడికి వోయిన."

"నీ దేవుని పసుపేదో కూరపసుపేదో నీకే తెల్వకపాయెనా?"

లింబయ్య తల వంచుకున్నాడు. "ముసలితనం పటేలా. కండ్లు మసక."

"మంచిది. మళ్ళ వెట్టియ్యి ఒట్టు. రేపే."

"యాడిది బండారి? గీడు భజ్జీలల్ల కలిపిండంట గద. మళ్ళ దేవునికాడికి వోవాలె, పట్నం ఏసి తేవాలె. వచ్చే పున్నం దాంక గాదు."

పున్నం లోపలే పోలింగు. పటేలు నా వైపు చూశాడు. ఆ చూపు మీద పప్పు ఉడకబెట్టవచ్చు. "నీ హోటలు ఎవని జాగల ఉన్నదో యాదికున్నదా?" అన్నాడు.

"రోడ్డు సర్కారుది పటేలా. నేను గవర్నమెంటు నౌకరు లెక్కనే."

లింబయ్య నవ్వలేదు. ఆయన ముందు నడిచాడు, నేను వెనక. మలుపు దగ్గర ఆగుతాడనుకున్నాను. ఆగలేదు.

11 ఫిబ్రవరి

నిద్ర లేదు. పటేలు వల్ల కాదు.

13 ఫిబ్రవరి

పటేలు మనుషులు తోక వాడల్లో తిరుగుతున్నారు. ఒట్టు లేకున్నా మాట ఉంది కదా అంటున్నారు. మన డబ్బాలో ఎన్ని గుర్రాలు, ఎన్ని తరాజులు అన్నది పటేలుకు తెలుస్తుందని కూడా అంటున్నారు. అది నిజమే, ఊరి డబ్బా ఊరి లెక్క. కానీ ఎవరిది ఏది అన్నది తెలియదు. నేను హోటలులో ఇదే మాట పదిసార్లు చెప్పాను. పరాచికం లేకుండా చెప్పాను. జనం, "దేవిదాసుకు జ్వరమా?" అని అడిగారు.

పోలింగు రోజు. తారీఖు రాసే ఓపిక లేదు

బడి చుట్టూ బారు. ఆడవాళ్ళ బారు పొడుగు. తల మీదివాళ్ళు ముందొచ్చి వేసి పోయారు. తోకవాళ్ళు ఎండెక్కాక గుంపుగా వచ్చారు, ఎవరితో ఎవరూ మాట్లాడకుండా. అక్క కొత్త చీర కట్టింది. లోపలికి పోయి ఎంతకీ రాలేదు. నేను బయట కాలుకాలిన పిల్లిలా తిరిగాను. బయటికొచ్చి వేలు చూసుకుంది, నాక్కోలేదు.

"ఎవనికేసినవ్ అక్కా?"

"నీకెందుకురా?"

ఇరవై ఏళ్ళలో అక్క అలా నవ్వడం చూడలేదు.

లింబయ్య ఆఖరున వచ్చాడు. సంచి లేకుండా వచ్చాడు. సంచి లేకపోతే ఆయన మామూలు ముసలివాడు.

24 ఫిబ్రవరి

గుర్రం గెలిచింది. నియోజకవర్గంలో గెలిచింది. మా డబ్బాలో తరాజు గెలిచింది! ఒక మోస్తరుగా కాదు, గట్టిగా. పటేలు ఏజెంటు బోధన్ నుంచి వచ్చి చెబుతుంటే నేను చాయ్ వడపోస్తున్నాను, చేతి మీద పోసుకున్నాను. పటేలు తలుపు వేసుకుని లోపలే ఉన్నాడు.

పంతులు ఓడిపోయాడు. మరి నీళ్ళు? అక్క అడగలేదు. నేనే అడుగుతున్నాను, ఎవరినో తెలియదు.

2 మార్చి

వింత. గెలిచిన గుర్రం కారేసుకుని తోక మడుల దాకా వచ్చాడు. ఇన్నేళ్ళుగా వియ్యంకుడి చావిడి దాటి ఒక్క అడుగు వేయలేదు. పటేలు వెనక నిలబడి నీరడిని తిడుతున్నాడు, ఇన్నాళ్ళూ నీళ్ళు ఎందుకు వదల్లేదని! నీరడి నోరు తెరిచి చూస్తున్నాడు పాపం. సాయంత్రానికి కాలువ తోకలో నీళ్ళు పారాయి. హన్మాండ్లు మడిలో పడుకుని పొర్లాడు.

ఇన్నేళ్ళు ఓట్లన్నీ కట్టగట్టి ఇస్తే ఎవడూ రాలేదు. ఎగ్గొట్టగానే కారొచ్చింది. దీన్ని రాజకీయం అంటారట.

6 మార్చి

అక్కకు జ్వరం.

9 మార్చి

తగ్గలేదు. వాంతులు. నీళ్ళు కూడా నిలవడం లేదు. హన్మాండ్లు పెళ్ళాం నాగవ్వ చూడవచ్చి గడప దగ్గరే ఆగిపోయింది. "ఒట్టు తప్పితే గిట్లనే అయితదంటరు" అన్నది, మెల్లగా, అక్కకు వినబడేంత గట్టిగా.

అక్క నన్ను దగ్గరికి పిలిచింది. నా చేయి తీసి తన నెత్తి మీద పెట్టుకుంది. కాలుతోంది నెత్తి.

"తమ్మీ. నిజం చెప్పు. సంచి మార్చినవ్ గద?"

"మార్చిన అక్కా."

"నా నెత్తి మీద చెయ్యి వెట్టి చెప్తున్నవ్."

"చెప్తున్న. కూరపసుపే. నువ్వు దంచిందే."

"అయితే ఇది ఉత్త జ్వరమే" అన్నది. నాగవ్వ వైపు తిరిగి, "ఉత్త జ్వరమేనే!" అన్నది. కండ్లు మూసుకుంది.

బండి కట్టించి నిజామాబాదు తీసుకుపోతున్నాను.

10 మార్చి, నిజామాబాదు

కంఠేశ్వర్‌లో డాక్టరు సూది వేశాడు, సీసా ఎక్కించాడు. కామెర్లు కాదు, టైఫాయిడ్ అన్నాడు. టైఫాయిడ్ అన్నందుకు ఎవడైనా సంతోషించాడా ఇంతవరకు? నేను సంతోషించాను. తర్వాత బయటికొచ్చి గుడి ముందు చాలాసేపు నిలబడ్డాను. లోపలికి పోలేదు. నాకు దేవుడి మీద నమ్మకం లేదు. అది ఆయనకు కూడా తెలుసు. మరెందుకు నిలబడ్డట్టు?

22 మార్చి

అక్క లేచి కూర్చుంటోంది. బీడీ ఆకు అడిగింది. ఇవ్వలేదు, తిట్టింది. తిట్టు వింటే ప్రాణం లేచొచ్చింది.

ఊరికొచ్చి చూస్తే ఇంకో సంగతి. కందకుర్తి నుంచి ఒక ఇంటివాళ్ళు పట్నం వేయించడానికి వచ్చి, లింబయ్య ఇంటి ముందు నుంచే పోయి ఇంకో పూజారిని మాట్లాడుకున్నారు. "కూరపసుపు లింబయ్య" అంటున్నారట పిల్లలు. దేవుడి పసుపు గుర్తుపట్టలేనివాడు దేవుడి కథేం చెబుతాడు? మాఘం నుంచి ఆయన్ను ఎవరూ పిలవలేదు. ఒగ్గు డమరుకం గోడకు వేలాడుతోంది.

ఆ పేరు ఆయనకు పెట్టింది నేను.

23 మార్చి

పోదామనుకున్నాను. పోలేదు.

24 మార్చి

పోలేదు. చాయ్ మూడుసార్లు మాడింది.

26 మార్చి, ఆదివారం

పోయాను. లింబయ్య అరుగు మీద కూర్చుని గొంగడి కుట్టుకుంటున్నాడు. మాట్లాడినది మాట్లాడినట్టు రాస్తాను.

"లింబన్నా, నీ పేరు ఖరాబైంది. నేను ఊర్ల చెప్పేస్త."

"ఏం చెప్తవ్?"

"ఉన్నది ఉన్నట్టు."

సూది ఆపి నా వైపు చూశాడు. "మీ అక్క మంచిగైందా?"

"కూసుంటున్నది."

"హన్మాండ్లు పొలం పొట్టకొచ్చిందంట. సూసినవా?"

"సూసిన."

"మరి ఏం చెప్తవ్?" మళ్ళీ సూదిలో దారం ఎక్కించాడు. మసకలేదు, గిసకలేదు, ఒక్క దెబ్బకు ఎక్కించాడు. "ముప్పై ఏండ్ల సంది గీ సంచి మోస్తున్న దేవిదాసూ. చావిడి కాడ గా దినం ఒక్కొక్కలు నోట్లె ఏసుకుంట ఏడ్సుకుంట పోయిండ్రు. నేను మోసింది గందుకు గాదు."

"మరి నిన్ను ఎవలూ పిలుస్తలేరు గద."

"పిలుస్తరు. జాతరకు వోయి తెస్త కొత్త బండారి. ఇంట్లె ముసల్దానికి కూడ గిదే చెప్పిన." గొంగడి దులిపాడు. "నీ చాయ్ గా దినం మంచిగుండె."

లేచి వచ్చేశాను. కాలువ గట్టు మీదుగా వచ్చాను, చెప్పులు చేతిలో పట్టుకుని.

అబద్ధం గట్టిగా నిలబడాలంటే ముందు తనతో తాను చెప్పుకోవాలని ఈ డైరీలో కూడా అలాగే రాశాను. డబ్బా, తాడు ముడి, భజ్జీల పిండి, పుక్కిలింత, అంతా నమ్మేలా రాశాను. కొన్నాళ్ళు నేనే నమ్మాను. నమ్మకపోతే అక్క నెత్తి మీద చేయి పెట్టగలిగేవాణ్ణి కాదు. పళ్ళెంలో ఉన్నది మల్లన్న బండారే. ఊరంతా దాని మీదే ఒట్టు పెట్టింది, దాన్నే తప్పింది. ఈ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరం, ఇద్దరమూ చెప్పం.

లింబయ్య ఆ రోజు పొద్దున నా హోటలుకు రానే లేదు.